మూడో పిన్ను

నా దుకాణం పొడుగు పది అడుగులు, వెడల్పు ఆరు. నా గొంతు ఆ రెండింటిలోనూ పట్టదు. నేను నవ్వినప్పుడల్లా కుట్టు వంకర పోతోందని పక్క దుకాణం టైలరు కత్తెర పిడితో గోడ మీద కొడుతూ ఉంటాడు. ఇంతా చేసి నా వృత్తి ఏమిటయ్యా అంటే మోత మాన్పడం. గిటారు వాయించేవాళ్ళ యాంప్లిఫయర్లు, అందులోనూ గాజు ట్యూబులతో నడిచే పాతరకం పెట్టెలు, గుయ్యిమన్నా జుయ్యిమన్నా చిటపటమన్నా నా దగ్గరికి తెస్తారు. వాటి మోత పోయేదాకా నా మోత భరించి పట్టుకుపోతారు. ఏ మాటకైనా నాకు అర నిమిషం ఆలస్యంగా గానీ వెలగదని మా ఆవిడ నన్ను ట్యూబులైటంటుంది. ట్యూబన్నంతవరకు ఒప్పుకుంటాను గాని, ఎనభై ఎనిమిది కిలోల మనిషిని పట్టుకుని లైటనడం అన్యాయం.

ఆ శనివారం పొద్దున్న షట్టరు ఇంకా నడుమెత్తు దాకానే లేపాను. అవతల ఒక జత బూట్లు, వాటి పక్కన చక్రాల బండి మీద ఒక గోధుమరంగు పెట్టె కనిపించాయి.

"మామయ్యా, నేను వంగనా, నువ్వు లేపుతావా?"

మా అక్క కూతురు. ఇంట్లో అందరూ గువ్వ అంటారు. కళ్ళ ఆసుపత్రిలో ఉద్యోగం. వచ్చినవాళ్ళని కుర్చీలో కూర్చోబెట్టి, కళ్ళముందు అద్దాలు మారుస్తూ "ఇది బాగుందా, అది బాగుందా" అని రోజుకి నలభైమందిని అడుగుతుంది. ఆ అలవాటు ఇంటికీ వస్తుంది. మా అక్క కూర ఏది చెయ్యమంటావే అంటే, రెండు గిన్నెలు ముందుపెట్టి ఇదా అదా అని తల్లినే అడిగే రకం.

షట్టరు లేపాను. పిల్ల కంటే ముందు పెట్టెను గుర్తుపట్టాను. అది మా బావది. బావ ముప్ఫయ్యేళ్ళు సిటీ బస్సు నడిపి, ఆదివారాలు మాత్రం ముగ్గురు స్నేహితులతో కలిసి లైబ్రరీ హాల్లో గిటారు వాయిస్తూ పాడేవాడు. పదిహేనేళ్ళ కిందట అక్కడే, ప్రోగ్రాముకి గంట ముందు, ఈ పెట్టె మోత మొదలుపెట్టింది. ముగ్గురు మెకానిక్కులు చూసి చేతులెత్తేశారు. నేనప్పుడు రేడియోలు బాగుచేసుకుంటూ, చుట్టపుచూపుగా ముందు వరసలో కూర్చున్నాను. స్క్రూడ్రైవరు అడిగి పుచ్చుకుని స్టేజీ ఎక్కాను. ఇరవై నిమిషాల్లో మోత చచ్చిపోయింది. హాలంతా చప్పట్లు. ఆ సాయంత్రం పెట్టెలో హమ్ పోయి నాలో అహం వచ్చింది. బావ ఆ కథని బస్సెక్కిన ప్రతివాడికీ, కండక్టరు టిక్కెట్టు చింపి ఇచ్చినట్టు పంచాడు. "మా బావమరిది చెయ్యి పెడితే చాలు" అని. అలా నేను రేడియో రిపేరువాణ్ణి కాస్తా మోత డాక్టరునయ్యాను. నా దుకాణం, నా పేరు, నా గొంతు, అన్నీ ఆ ఇరవై నిమిషాల మీద నిలబడ్డవే.

"రేపు సాయంత్రం ఆ హాల్లోనే నా ప్రోగ్రామ్, మామయ్యా," అంది గువ్వ. "నాలుగు పాటలు. నాలుగూ నేను రాసుకున్నవే. నాన్న యాంపుతోనే పాడాలని పంతం. ఇదేమో గుయ్యిమంటోంది."

"ఎలా గుయ్యిమంటోంది? పాడి చూపించు."

పాడింది. కంఠం బాగుంది, మోతకైనా. ఆ తరవాత సంచీలోంచి చిన్న నోటుబుక్కు తీసింది. "మంగళవారం, వేడెక్కక ముందు తక్కువ, పది నిమిషాల తరవాత ఎక్కువ. గురువారం కూడా అంతే. తీగలు ముట్టుకుంటే కొంచెం తగ్గుతుంది. చెయ్యి తీస్తే మళ్ళీ పెరుగుతుంది."

"రోగి చరిత్ర రాసుకొచ్చావా! ఇంక డాక్టరుతో పనేముంది? పోయి మందుల షాపుకెళ్ళు."

పెట్టెను బల్ల మీదికెక్కించి కరెంటిచ్చాం. వెనకవైపు ట్యూబులు ఒక్కొక్కటే ఎర్రబడ్డాయి. అర నిమిషం పట్టింది. స్పీకరులోంచి మోత లేచింది, పిండిమర తలుపు అవతల తిరుగుతున్నట్టు.

నా పద్ధతి ఎప్పుడూ ఒకటే. మోత ఎక్కడ పుడుతోందో ముందు తెలియాలి. అందుకని వాల్యూము నాబు సున్నాకి తిప్పాను. మోత అలాగే ఉంది. అంటే నాబుకి అవతలే పుడుతోందన్నమాట, గిటారు తప్పు కాదు, గిటారు వైరు తప్పు కాదు.

"నీకూ ఒక నాబుంటే బాగుండేది మామయ్యా," అంది గువ్వ. గోడ అవతల టైలరు గట్టిగా నవ్వాడు.

మొదటి ట్యూబు పీకాను. మోత తగ్గలేదు. రెండోది పీకాను. తగ్గలేదు. "ట్యూబులు నిర్దోషులు," అన్నాను. "ఇప్పుడు చెవులు రిక్కించు. గోడలో కరెంటు సెకనుకి యాభైసార్లు ఊగుతుంది. దాన్ని నేరుగా వింటే బాగా కిందిస్వరం. పెట్టెలో దాన్ని సాపు చేసే కెపాసిటర్లు ముసలివైపోతే నూరుసార్లు ఊగుతుంది, అదే స్వరం ఒక స్థాయి పైన. ఇప్పుడు మనం వింటున్నది పైది. కెపాసిటర్లకి కెపాసిటీ అయిపోయింది, మీ నాన్నలాగ."

గువ్వ కళ్ళు మూసుకుంది. "రెండూ ఉన్నాయి మామయ్యా. పైన ఒకటి గట్టిగా ఉంది. కింద ఇంకోటి, సన్నగా."

"కిందది నీ ఊహ."

"ఊహకి శ్రుతి ఉండదు."

పిల్ల చెవి అని వదిలేశాను. స్విచ్చి కట్టేశాను. ఈ రకం పెట్టెల్లో స్విచ్చి కట్టేసినా లోపల కెపాసిటర్లలో మనిషిని పడగొట్టేంత కరెంటు దాగి ఉంటుంది. అందుకని దాన్ని ముందు ఖాళీ చేస్తాం. ఆ పని చేసేటప్పుడు ఎడమ చెయ్యి జేబులో పెట్టుకోవడం మా వృత్తిలో నియమం, కరెంటు ఒక చేతిలో ఎక్కి ఇంకో చేతిలో దిగితే మధ్యలో గుండె ఉంటుంది కనుక. జేబులో చెయ్యి పెట్టి బతికేవాళ్ళు లోకంలో చాలామందున్నారు. సొంత జేబులో పెట్టేవాణ్ణి మాత్రం నేనే.

రెండు కెపాసిటర్లు ఉబ్బి ఉన్నాయి. తీసేసి కొత్తవి అతికాను. గంటలో అయిపోయింది. మళ్ళీ కరెంటిచ్చేసరికి పెద్ద మోత మాయం. నేను బల్ల మీద చరిచి "ఇదిగో!" అన్నాను. టైలరు గోడ మీద కొట్టాడు.

గువ్వ గిటారు తగిలించి, తీగల మీద చెయ్యి ఆనించింది. తీసింది. ఆనించింది. "ఇదా, అదా?" అంది నన్ను చూసి.

విన్నాను. చెయ్యి తీసినప్పుడు అడుగున సన్నగా ఏదో ఉంది. నిజంగానే ఉంది. కానీ పెద్ద గెలుపు గెలిచాక చిన్న ఓటమి ఎవరికి కావాలి? "ట్యూబు పెట్టె అన్నాక ఆ మాత్రం ఊపిరుంటుందమ్మాయ్. ఊపిరి కూడా తీసేయమంటావా?"

"సరేలే." గిటారు సంచీలో పెడుతూ మామూలుగా అంది. "ఇంకోటి ఉంది గాని, అది నీ పని కాదు. రిహార్సల్లో హాలు మైకు కొరుకుతోంది."

"కొరకడమేమిటి?"

"పాడుతూ పెదాలు తగిలితే చీమ కుట్టినట్టుంటుంది. మూడుసార్లయింది. మొన్నటిది గట్టిగానే కుట్టింది, కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. పాత మైకు కదా, దానికేదో రోగం."

"అప్పుడు గిటారు చేతిలో ఉందా?"

"ఉంది."

"చెయ్యి తీగల మీద ఉందా?"

"మరి గాల్లో ఉంటుందా?" అని తనే నవ్వింది. అలాంటి జవాబులు మామూలుగా నావి. నాకు నవ్వు రాలేదు.

మీటరు తీశాను. ఒక కొన పెట్టె లోపలి ఇనుపరేకుకి తగిలించి, రెండో కొన గోడ ప్లగ్గులో ఎర్తుకి పెట్టాను. సున్నా చూపించాలి. తొంభైనాలుగు వోల్టులు చూపించింది. గిటారు తీగలు ఆ రేకుకే కలిసి ఉంటాయి. అంటే ఆ పిల్ల వేళ్ళ కింద తొంభైనాలుగు, పెదాల ముందు మైకు సున్నా, మధ్యలో పిల్ల.

స్విచ్చి కట్టేసి, ప్లగ్గు పీకి చూశాను. మూడు పిన్నులూ ఉన్నాయి. ఈ మూడో పిన్ను సంగతి చెప్పాలి. మొదటి రెండు పిన్నులు పనిమంతులు, కరెంటు తెచ్చేదొకటి, తీసుకుపోయేదొకటి. మూడోది ఎర్తు. పేరు పిన్నే గాని దాని స్వభావం మా పెదనాన్నది. రోజూ ఏ పనీ చెయ్యదు. ఇంట్లో గొడవ లేచినప్పుడు మాత్రం అడ్డం పడి దెబ్బ తనమీద వేసుకుంటుంది. లోపల ఏ తీగో తెగి రేకుకి తగిలితే, కరెంటు మనిషిలోంచి కాక ఆకుపచ్చ వైరులోంచి నేలకి పోతుంది.

రేకు తిరగేసి, దీపం దగ్గరికి జరిపాను. ఆకుపచ్చ వైరు బిగించాల్సిన చోట బోల్టు ఖాళీగా ఉంది. వైరు కోసేసి ఉంది. కోసిన కొన వెనక్కి మడిచి, మైనం పూసిన నల్లదారంతో మూడు చుట్లు చుట్టి, చివర చిన్న చెవిలా ముడి వేసి ఉంది.

ఆ ముడి నాది. మా ఊళ్ళో, ఇంకే ఊళ్ళోనైనా సరే, అలా చెవి వదిలి ముడేసే రిపేరువాడు నేనొక్కణ్ణే. రేడియోల కాలం నుంచీ అలవాటు. ఎప్పుడో రాసి మర్చిపోయిన ఉత్తరం ఎవరో తెచ్చి నా చేతికిచ్చినట్టయింది.

అప్పుడు గుర్తొచ్చింది ఆ ఇరవై నిమిషాల్లో నేను చేసిందేమిటో. ఇన్నేళ్ళూ ఆ కథ చెప్పీ చెప్పీ, కథలో నేను మిగిలాను గాని వైరు మిగల్లేదు. ఆ సాయంత్రం హాలులో మైకులన్నిటి ధ్వనీ కలిపే మిక్సరు నుంచి ఈ పెట్టెకి ఒక వైరు వేశారు. మిక్సరుకి ఒక ఎర్తు, పెట్టెకి ఒక ఎర్తు. రెండూ వైరుతో కలిసేసరికి గుండ్రంగా దారి ఏర్పడి, అందులో కరెంటు చుట్లు తిరిగి మోత పెట్టింది. ఆ చుట్టు ఎక్కడో ఒకచోట తెంపాలి. నాకు అందరికంటే తేలిగ్గా అందిన చోట, పెట్టె ఎర్తు దగ్గర, తెంపాను. మోత పోయింది. చప్పట్లు కొట్టారు. పెదనాన్నని ఇంట్లోంచి పంపేసి, ఇల్లెంత ప్రశాంతంగా ఉందో చూడండన్నాను.

"మామయ్యా, ఏమైంది? అలా ఉండిపోయావేం?"

"ఏం లేదు. టీ పట్రా. ఆ మూల కొట్లోది కాదు, బజారు చివరది."

బజారు చివరికి పోయి రావడానికి పది నిమిషాలు పడుతుంది. నాకు ఏడు చాలు. దారం తెంపి, వైరు సాగదీసి, కొన శుభ్రం చేసి, సోల్డరింగుతో రింగు అతికి, బోల్టు బిగించాను. మీటరు సున్నా చూపించింది. ఇక రేకు మూసేస్తే ఏమీ జరగనట్టే. పిల్లకి ప్రమాదం లేదు. నా పేరుకీ ప్రమాదం లేదు. ఇంతకంటే ఎవరికేం కావాలి అని నాకు నేనే చెప్పుకున్నాను. మా వృత్తిలో మనిషి తెచ్చిన పెట్టెను చూసి తెలియలేదు అనొచ్చు, దొరకలేదు అనొచ్చు, నేనే పాడుచేశాను అన్నవాడి దుకాణానికి మర్నాడు తాళమే.

గువ్వ టీ గ్లాసులు పెట్టింది. నేను మొదలుపెట్టాను.

"కింది మోత కూడా పట్టేశా! ఎర్తు లేదమ్మా పాపం. ఎర్తు లేని పెట్టె, అర్థం లేని మాట ఒకటే. ఎవరో మహానుభావుడు కోశాడు. సోల్డరింగుతో అతికేశా, అందుకే షోల్డరు నొప్పి. ఇప్పుడిక నీ మైకు కొరకదు, నాకదు. వైరుకి వైరుకి వైరం తీర్చేశా..."

గువ్వ గిటారు తగిలించింది. తీగల మీద చెయ్యి పెట్టింది, తీసింది. తేడా లేదు. కింది మోత నిజంగానే పోయింది. ఆ పిల్ల సంతోషించాలి. గ్లాసు పట్టుకుని నన్నే చూస్తోంది.

"ఎవరు కోశారు?"

"ఎవరో. కోసేవాళ్ళకేం కరువు? కోతలు కోసేవాళ్ళున్నారు, వైర్లు కోసేవాళ్ళున్నారు..."

"మామయ్యా, మా ఆసుపత్రికి వచ్చే పెద్దవాళ్ళు కొందరుంటారు. మొదటి రెండు వరసలు గడగడా చదివేస్తారు. మూడో వరస కొచ్చేసరికి జోకు. 'ఈ అక్షరాలు నా జీతం కంటే చిన్నవిగా ఉన్నాయమ్మా' అంటారు. నేను నవ్వుతాను. నవ్వుతూనే రాసుకుంటాను, మూడో వరస కనబడట్లేదని."

నేను టీ తాగాను. వేడిగా ఉంది. నాలుక కాలింది. దాని మీద కూడా ఒక మాట తట్టింది, మింగేశాను.

"నేనే కోశాను," అన్నాను.

గోడ అవతల కుట్టుమిషను ఆగింది.

"ఎప్పుడు?"

"పదిహేనేళ్ళ కిందట. ఆ హాల్లో. మీ నాన్న చెప్పే కథలో."

ఆ పిల్ల చూపుడువేలు తెలియకుండానే కింది పెదవి మీదికి వెళ్ళింది. "మొన్న గట్టిగా కుట్టినప్పుడు..."

"అది చీమ. ఇదిగో ఈ చిన్న కెపాసిటరుంది చూడు, గోడ కరెంటుకీ ఈ రేకుకీ మధ్య ఇదొక్కటే అడ్డం. ఇది పాడైతే అప్పుడు చీమ కాదు." అప్పుడేమిటో చెప్పడానికి నాకు మాట దొరకలేదు. నాకు మాట దొరక్కపోవడం గువ్వ అదే మొదటిసారి చూడటం.

"ఇది తప్పని అప్పుడు తెలీదా?"

"అప్పుడు తెలుసో తెలీదో ఆలోచించలేదు. చప్పట్లు కొడుతున్నారు కదా. తరవాత నాలుగైదేళ్ళకి బాగా తెలిసింది. మానేశాను. మానేశాను గాని..."

"గాని?"

"వెనక్కి వెళ్ళి కలపలేదు."

గువ్వ ఫోను తీసి బల్ల మీద పెట్టింది. "నాన్నకి చెప్పు."

"సాయంత్రం ఇంటికొచ్చి చెప్తాలే."

"ఇప్పుడా, సాయంత్రమా?" అంది, అద్దం మార్చినట్టు.

ఫోను స్పీకరులో పెట్టింది. బావ గొంతులో ఇంకా బస్సు ఇంజనుంది. "ఏరా బావమరిదీ, అయిపోయిందా? నీ చెయ్యి పెడితే చాలని చెప్పానా లేదా దానికి?"

"బావా, చెయ్యి పెట్టడం వల్లే వచ్చింది తంటా." చెప్పాను. మొత్తం. ఒక్క ఛలోక్తి లేకుండా మూడు నిమిషాలు మాట్లాడాను. అటు నుంచి చివరికి సన్నగా నవ్వు వినబడింది.

"మైకు నన్నూ కొరికేదిరా."

"ఏమిటీ?"

"మొదటి ప్రోగ్రాము నుంచే. ఒక స్పాంజి కొని తొడిగాను. అందరూ స్టైలనుకున్నారు. నేనూ స్టైలనే చెప్పాను."

"నాకెందుకు చెప్పలేదు బావా?"

"నువ్వంత సంబరంగా ఉన్నావు. ఊరంతా నీ గురించి చెప్పింది నేనాయె. నా పెదాలకే ఏదో తేడా ఉందనుకున్నా. అమ్మాయికి కొరికిందా?"

"మూడుసార్లు నాన్నా," అంది గువ్వ.

అటు నిశ్శబ్దం. పెట్టెలో కూడా అంత నిశ్శబ్దం నేనెప్పుడూ సాధించలేదు. తరవాత బావ గొంతు మారింది. బస్సులో ఫుట్‌బోర్డు మీద వేలాడేవాణ్ణి లోపలికి రమ్మనే గొంతు అది. "ఒరేయ్. ఒక్కదానికే చేశావా?"

ఆ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. ఎడమ చెయ్యి జేబులో పెట్టుకుని ఎంత జాగ్రత్తగా ఉన్నా తగిలే రకం అది.

"పదకొండు," అన్నాను.

"లెక్కపెట్టుకోకుండా చెప్పావే."

"ఎప్పుడూ తెలుసు బావా."

"నేను పదిహేనేళ్ళుగా ఆ కథ చెబుతున్నాన్రా."

"ఇంక మానెయ్."

"మానను. చివర మారుస్తా. ముందు నువ్వు మార్చు." పెట్టేశాడు.

ఆ మధ్యాహ్నం షట్టరు సగం దించి, నేనూ గువ్వా బల్ల దగ్గర కూర్చున్నాం. మనుషుల పేర్లు నాకు గుర్తుండవు, పెట్టెలు గుర్తుంటాయి. "చిరిగిన గుడ్డ ఉన్న నల్లది. పిల్లి పడుకునేది ఒకటి. సిగరెట్టు మచ్చ ఉన్నది." నేను చెబుతుంటే ఆ పిల్ల నోటుబుక్కులో రాస్తూ, ఎవరివో అడిగి, నంబర్లు వెతికింది. మా ఆవిడ భోజనం క్యారేజీ తెచ్చి, విషయం విని, క్యారేజీ తెరవకుండానే అడిగింది, "మన పెళ్ళిలో పాడిన కుర్రాడిది కూడా ఉందా ఇందులో?" ఉంది. "పదిహేనేళ్ళ తరవాత వెలిగిందన్నమాట," అంది. వడ్డించి, పక్కనే కూర్చుని, తన ఫోనులో కూడా నంబర్లు వెతికింది.

ప్రతివాళ్ళకీ ఒకటే చెప్పాను, నేను వచ్చేదాకా ప్లగ్గు పెట్టొద్దని, ఎందుకో కూడా. ఇద్దరు జోకనుకుని నవ్వారు. అది జోకు కాదని నమ్మించడానికి నాకు చాలాసేపు పట్టింది, ఇన్నేళ్ళు నేను పోగు చేసుకున్న పేరు అలాంటిది. ఒకాయన గట్టిగా తిట్టాడు. ఇంకొకాయన ఏమీ తిట్టకుండా, మీరు రానక్కర్లేదు, వేరేవాళ్ళకి చూపించుకుంటాను అన్నాడు. తిట్టినాయనే నయమనిపించింది. పెళ్ళిలో పాడిన కుర్రాడు, ఇప్పుడు నలభై ఏళ్ళవాడు, "కొరికేదండీ, నేను రబ్బరు చెప్పులేసుకుని వాయించేవాణ్ణి" అన్నాడు. మనుషులు నన్ను అనుమానించడం కంటే చెప్పులు మార్చుకోవడం తేలికనుకున్నారు.

ఒక్కరి నంబరు మాత్రం దొరకలేదు.

ఆదివారం నాలుగింటికే హాలుకి వెళ్ళాం. పెట్టె స్టేజీ మీద పెట్టి, మిక్సరు వైరు తగిలించగానే మోత లేచింది. పదిహేనేళ్ళ కిందటి మోతే, ఒక్క స్వరం తేడా లేదు. ఎర్తు కలిపాను కదా, చుట్టు మళ్ళీ కలిసింది. హాలు మేనేజరు అప్పటి మనిషే. జుట్టు మాత్రం ఇంకొకరిది.

"డాక్టరుగారూ, అప్పుడేదో చేశారుగా, అదే చేసెయ్యండి. అరగంటలో జనం వచ్చేస్తారు."

స్క్రూడ్రైవరు నా చొక్కా జేబులోనే ఉంది. గువ్వ నావైపు చూడలేదు. గిటారు శ్రుతి చేసుకుంటోంది, మోతలోనే, తీగ తీగా.

"అది చెయ్యనండీ," అన్నాను. మిక్సరు వైరు పీకేశాను. మోత ఆగింది. హాలువాళ్ళ రెండో మైకు అడిగి, చిన్న స్టాండుకి తగిలించి, పెట్టె స్పీకరు ముందు పెట్టాను. పెట్టెకీ మిక్సరుకీ మధ్య ఇప్పుడు గాలే గాని వైరు లేదు. చుట్టు తిరగడానికి దారి లేదు. పాట మాత్రం వెళ్తుంది. అంతే పని. నాలుగు నిమిషాలు పట్టింది. అప్పుడు కూడా ఈ హాల్లో రెండో మైకు ఉంది.

మీటరుతో తీగలకీ పాట మైకుకీ మధ్య చూశాను. సున్నా. ఇంకోసారి చూశాను. మూడోసారి గువ్వే నా చేతిలోంచి మీటరు తీసుకుని చూసుకుంది, రాసుకుంది. తరవాత మైకు దగ్గరికి వెళ్ళి, కళ్ళు మూసుకుని, పెదాలు ఆనించింది. ముందు వరసలో బావ లేచి నిలబడిపోయాడు. ఏమీ కాలేదు. బావ కూర్చున్నాడు.

నాలుగు పాటలూ పాడింది. రెండోది బస్సు గురించి. స్పీకరు వెనకాల ట్యూబుల ఊపిరి కొద్దిగా వినబడుతూనే ఉంది, చెవి పెడితే. నేను ఇరవై రెండు నిమిషాలు నోరు మెదపలేదు. మా ఆవిడ గడియారం చూసుకుని మరీ చెప్పింది.

సోమవారం దుకాణం తెరవలేదు. నంబరు దొరకని పెట్టె ఒక గిటారు టీచరమ్మది. ఊరి చివర, మెట్ల వీధిలో, మూడో అంతస్తు. సంచీ భుజాన వేసుకుని మెట్లెక్కేసరికి నా ఎనభై ఎనిమిది కిలోలూ నాకు లెక్కకొచ్చాయి. లోపల ఎవరో పిల్లలు ఒకే పాఠం మళ్ళీ మళ్ళీ వాయిస్తున్నారు. బెల్లు కొట్టాను. ఆవిడకి డెబ్భై దాటాయి. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి చూసింది.

"ఎవరూ? ఓ, మోత డాక్టరా! నేను పిలవలేదే. నా పెట్టె చక్కగా ఉంది. నువ్వు చూసినప్పట్నుంచీ చప్పుడే లేదు."

"అందుకే వచ్చానండీ. ముందు ఒకసారి ప్లగ్గు తీయించండి. పిల్లల్ని గిటారు కింద పెట్టమనండి."

ఆవిడ లోపలికి చూసి, "ఆపండర్రా, పక్కన పెట్టండి," అంది. వెళ్ళి గోడ దగ్గర వంగి ప్లగ్గు తీసి, మళ్ళీ గుమ్మంలోకి వచ్చింది. మొహంలో అప్పుడే సగం నవ్వు సిద్ధంగా ఉంది. నేను వస్తే ఏదో ఒకటి అంటానని జనానికి అలవాటు. "ఊ, ఇప్పుడు చెప్పు. ఏమిటి సంగతి?"

"అప్పుడు మీ పెట్టె నేను బాగుచెయ్యలేదండీ. మోత వినబడకుండా చేశాను. దానికోసం లోపల ఎర్తు వైరు కోశాను. కరెంటు మనిషికి తగలకుండా కాపాడేది అదే. కలిపి వెళదామని వచ్చాను. కలిపితే మోత మళ్ళీ రావచ్చు. వస్తే సరైన చోట వెతుకుతాను, ఎన్ని రోజులు పట్టినా."

ఆవిడ మిగతా మాట కోసం ఎదురుచూసింది. ఎక్కడ నవ్వాలో తెలియలేదు. "తరవాత?" అంది.

"తరవాతేం లేదండీ. అంతే."

నవ్వు మెల్లిగా ఆరిపోయింది. వెనక్కి తిరిగి గదిలోకి చూసింది. నలుగురు పిల్లలు చాప మీద కూర్చుని, గిటార్లు ఒళ్ళోంచి దించి, మమ్మల్నే చూస్తున్నారు.

"ఇన్నేళ్ళూ నా పిల్లలు ముట్టుకున్నది దాన్నేగా?"

"అవునండీ."

ఆవిడ నన్ను తిట్టలేదు. గుమ్మంలోంచి పక్కకి తప్పుకుంది.

"లోపలికి రా," అంది. "ఎక్కడ కోశావో ముందు నాకు చూపించు."